జోరు బండి ఎక్కడ ఆగుతుంది?



ఈవారం రైళ్ళ గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. "వడియాలూ ఊరగాయలూ అయిపోయాయా?" అన్నారు మావారు. నవ్వితే నవ్వనీండి. వేగంగా పోయే రైళ్ళకు దారి గీసేది ఇంజనీర్లే గాని, ఆ బండెక్కి పురుళ్ళకూ, ఆసుపత్రులకూ, పిల్లల పరీక్షలకూ పరుగులు తీసేది మనం కూడాను. నేను పదోతరగతి దాకా చదువుకున్న ఇల్లాలిని. రైల్వేలో సిగ్నళ్ళ విభాగంలో చేసి రిటైరయిన మా బావగారిని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ళ క్రితం మా అక్క కూతురికి హైదరాబాదులో పురుడు. డాక్టరమ్మ చెప్పిన తేదీకి పన్నెండు రోజులు ముందే నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు దుబాయిలో వున్నాడు. తెల్లవారి అయిదున్నరకు ఫోను వచ్చింది. అక్కావాళ్ళది గుడివాడకు అవతల పల్లె. నేనూ అక్కడే వున్నాను. ఆరింటికి ఇద్దరం బయలుదేరాం. ఆటోలో గుడివాడకు నలభై నిమిషాలు. అక్కడినించి బెజవాడకు బస్సు గంటన్నర. స్టేషనులో కాచుకోవడం గంటా ఇరవై నిమిషాలు. రైలు నాలుగున్నర గంటలు. సికిందరాబాదులో దిగి మెట్రో ఎక్కి, మారి, మళ్ళీ ఆటో కట్టించుకుని మియాపూరు అవతల ఆసుపత్రికి చేరేసరికి ఇంకో గంటా ఇరవై. మధ్యాహ్నం మూడూ ఇరవైకి లోపలికి అడుగుపెట్టాం. మనవడు ఒంటిగంటా పది నిమిషాలకే పుట్టాడట. తల్లీబిడ్డా క్షేమం. కాని ఆ సమయంలో దాని చెయ్యి పట్టుకోవడానికి నర్సమ్మ తప్ప అయినవాళ్ళెవరూ లేరు. మా అక్క ఆ మాట ఇప్పటికీ అంటూనే వుంటుంది.

ఆ తరవాత ఒకరోజు బావగారితో అన్నాను, "మనకూ బుల్లెట్ రైలు వుంటే బాగుండేది కదండీ" అని. ఆయన కాగితం తీసి లెక్క వేశారు. "ఏవమ్మా, బెజవాడకూ సికిందరాబాదుకూ రైలుదారిన మూడువందల యాభై కిలోమీటర్లు. గంటన్నరలో పోయే బండి వేశారే అనుకో. మూడు గంటలు మిగిలాయి. పన్నెండూ ఇరవైకి ఆసుపత్రిలో వుండేవాళ్ళు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆగమ్మా" అన్నారు ఆయన. "కొత్త స్టేషన్లు రెండూ ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరాన పొలాల్లో కట్టారనుకో. అటు యాభై నిమిషాలు, ఇటు యాభై నిమిషాలు అదనం. అప్పుడు రెండింటికి గాని చేరరు."

చూశారా! బండి అదే, వేగం అదే. స్టేషను ఊళ్ళో వుంటే పురుటి ముందు చేరతాం, ఊరవతల వుంటే పురుడయ్యాక చేరతాం. ఆనాటినించీ నాకు గంటకు మూడువందల కిలోమీటర్లన్న మాట వింటే సంతోషం కలగడంలేదు. ఎక్కడ ఆగుతుందీ అనే అడగాలనిపిస్తుంది.

మరి స్టేషను ఊరి నడిబొడ్డునే కట్టెయ్యకూడదా అంటారు. అక్కడే వుంది చిక్కంతా.

ఇలాంటి రైలు మొట్టమొదట నడిపింది జపానువారు. టోక్యోనించి ఒసాకాకు 515 కిలోమీటర్లు. 1964 అక్టోబరు 1న, టోక్యో ఒలింపిక్సుకు సరిగ్గా తొమ్మిదిరోజులు ముందు మొదలుపెట్టారు. దాన్ని షింకాన్‌సెన్ అంటారు. కొత్త ప్రధాన మార్గం అని అర్థం. పాతదారి ఇరుకు గేజి. అందులో గూడ్సు బండ్లు, పాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని వెనక ఒకటి కిక్కిరిసిపోయి ఇంక ఒక్క బండికీ చోటు లేకపోయింది. సన్నటి గట్టుమీద ముందు ఎడ్లబండి పోతుంటే వెనక మోటారు కారు ఏం చేస్తుంది? ఆ అవస్థే. అందుకని పాతదాన్ని అలాగే వుంచి, వెడల్పు గేజి మీద కొత్త జోడుదారి వేరేగా వేశారు. గంటకు 210 కిలోమీటర్లు. అంతకుముందు ఆరున్నర గంటలు పట్టే ప్రయాణం నాలుగు గంటలకు దిగింది, మరుసటి ఏడు మూడు గంటల పది నిమిషాలకు వచ్చింది. ఖర్చు మాత్రం మొదటి అంచనాకు ఇంచుమించు రెట్టింపయింది. ఆ పథకాన్ని తలకెత్తుకున్న రైల్వే అధ్యక్షుడు షింజి సోగో, చీఫ్ ఇంజనీరు హిదెయో షిమా ఇద్దరూ 1963లోనే పదవులు వదులుకున్నారు. ప్రారంభోత్సవం నాడు వేదికమీద వాళ్ళు లేరు. పెళ్ళికి పందిరి వేసినవాళ్ళు భోజనాల వేళకు లేకపోవడం అన్నిచోట్లా వున్నదే కాబోలు.

వేగంగా పోయే బండి గబుక్కున మలుపు తిరగలేదు. టోక్యో–ఒసాకా దారిలో మలుపులు కనీసం 2,500 మీటర్ల వ్యాసార్ధం వుండేలా వేశారు. తరవాత వేసిన సాన్యో మార్గంలో దాన్ని 4,000 మీటర్లు చేశారు. అంటే పెద్దపెద్ద చెరువుల చుట్టూ తిరిగినట్టు మెల్లగా వంగాలన్నమాట. మన పాత రైలుదారి ఈ ఊరు పలకరించి, ఆ ఊరు పలకరించి వంకర్లుపోతూ వెడుతుంది. కొత్తదారికి అలా కుదరదు. ఊరి మధ్యలోకి తేవాలంటే ఇళ్ళు కొట్టాలి, లేదా సొరంగం తవ్వాలి, లేదా వేగం తగ్గించుకోవాలి. పొలాల్లో అయితే భూమి చవక, అడ్డం లేదు. కాగితంమీద గీత గీసేవాడికి పొలమే ఇష్టం.

రెండో చిక్కు ఆగడం. మూడువందల వేగంతో పోయే బండిని ఆపాలంటే కిలోమీటర్ల ముందునించీ బ్రేకు వెయ్యాలి, నిలవాలి, మళ్ళీ వేగం అందుకోవాలి. ప్లాట్‌ఫారం మీద ఒక్క నిమిషం ఆగినా మొత్తంమీద అయిదారు నిమిషాలు పోతాయి. మన ముంబయి–అహమ్మదాబాదు మార్గం లెక్కే చూడండి. 508 కిలోమీటర్లు, పన్నెండు స్టేషన్లు. కొద్ది స్టేషన్లలోనే ఆగే బండికి 2 గంటల 7 నిమిషాలు, అన్నిటా ఆగే బండికి 2 గంటల 58 నిమిషాలు అని అంచనా. 51 నిమిషాల తేడా ఆగడంవల్ల వచ్చిందే. తమాషా ఏమిటంటే 1964లో జపాను మార్గానికి కూడా పన్నెండే స్టేషన్లు. వాళ్ళు దీనికో ఉపాయం చేశారు. అన్ని స్టేషన్లలో ఆగే బండికి కొదామా అనీ, మధ్యలో నగోయా, క్యోటోల్లో మాత్రమే ఆగే బండికి హికారీ అనీ పేర్లు పెట్టారు. చిన్న స్టేషన్లలో పక్కకు లూపు లైను వేసి, కొదామా అందులో నిలబడితే హికారీ పక్కనించి దూసుకుపోయేలా చేశారు. మన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల ఏర్పాటే గదా! చిన్న ఊళ్ళకు స్టేషను ఇవ్వడమా, వేగం కాపాడడమా అని ఎవరన్నా వాదిస్తే ఈ ఉపాయం గుర్తు చెయ్యండి. రెండూ కుదురుతాయి. అయితే ఆ లూపు లైను ముందే వెయ్యాలి. తరవాత వెయ్యాలంటే మళ్ళీ భూమి, మళ్ళీ డబ్బు.

అదే మార్గంలో గిఫు–హషిమా అని ఒక స్టేషనుంది. కట్టిననాడు చుట్టూ వరిపొలాలు. గిఫు నగరం ఇంకా ఎంతో ఉత్తరంగా వుంటుంది. నగోయానించి క్యోటోకు కొండల్లోంచి తిన్నగా పోదామనుకున్న దారి సొరంగాల బాధకు మానుకుని, సెకిగహారా అనే మంచుకురిసే తావు మీదుగా తిప్పారు. దారి తమ జిల్లామీదుగా పోతున్నప్పుడు తమకో స్టేషను వుండాలని గిఫువాళ్ళు పట్టుబట్టారు. స్టేషను ఎదుట ఆ ప్రాంతపు నాయకుడు బాంబొకు ఓనో గారిదీ, ఆయన భార్యదీ విగ్రహాలున్నాయి. ఆయన పలుకుబడి వల్లే అది వచ్చిందని జనం చెప్పుకుంటారు. మంచు పడ్డప్పుడు బండ్లు ఆపుకోవడానికీ, ఒకదాన్నొకటి దాటడానికీ అక్కడ చోటు కావలసి వచ్చిందని రైల్వేవాళ్ళ మాట. ఎవరిది నిజమైనా ఆ స్టేషనుకు తగులుకుని ఇంకో చిన్న రైలుదారి వచ్చింది 1982లో. పద్ధెనిమిదేళ్ళ తరవాత! అన్నేళ్ళూ బండి దిగిన ఇల్లాలు సామాను పట్టుకుని బస్సుకోసం చూసిందన్నమాట. ఇక ఆ సెకిగహారా మంచు సంగతి. పట్టాలమీద నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టినా, పెద్ద మంచు పడితే ఈనాటికీ అక్కడ బండ్లు వేగం తగ్గించుకుంటాయి. దారి ఒకసారి వేశాక దాన్ని పక్కకు జరపడం ఎవరి తరం?

ఇప్పుడు ఫ్రాన్సుకు రండి. అక్కడ ఒకే గీతమీద రెండు ఊళ్ళ రాత మారింది. పారిసునించి ఉత్తరంగా, ఇంగ్లండుకు పోయే సముద్రగర్భ సొరంగం వైపు కొత్త వేగదారి వెయ్యాలనుకున్నారు. దగ్గరిదారి ఆమియా పట్టణం మీదుగా. పాత రాజధాని, గొప్ప చర్చి వున్న ఊరు. కాని ఇంకొంచెం తూర్పుగా లీల్ అనే పెద్ద నగరం వుంది. గనులు మూతపడి, బట్టల మిల్లులు పడిపోయి దిగాలుగా వున్న ప్రాంతమది. దాని మేయరు పియేర్ మోరువా అంతకుముందు దేశ ప్రధానమంత్రిగా చేసినవాడు. దారి మా వైపునించే పోవాలి, అదీ ఊరవతల బయలులో కాదు, ఊరి నడుమ ఆగాలి అని పట్టుబట్టాడు. 1987లో ప్రభుత్వం లీల్ వైపే మొగ్గింది. దారి 1993లో తెరిచారు. లీల్‌లో కొత్త స్టేషను పాత స్టేషనుకు నడిచిపోయేటంత దగ్గర్లో కట్టారు. పాత బండి దిగి పిల్లని చంకనేసుకుని కొత్త బండి దగ్గరికి నడిచిపోవచ్చు. పారిసుకు గంట ప్రయాణం. స్టేషను చుట్టూ కచేరీలూ, దుకాణాలూ కొత్త పేటగా లేచాయి.

ఆమియాకు ఏం దక్కింది? ఊరడింపుగా ఒక స్టేషను ఇచ్చారు. ఆమియాకూ, సాఁ కాఁతాఁ అనే ఇంకో ఊరికీ మధ్య, రెంటికీ ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలో, చక్కెర బీటు పండే పొలాల్లో. అసలు పేరు పక్కనపెట్టి జనం దానికి బీట్‌దుంపల స్టేషను అని పేరు పెట్టేశారు. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే తల్లి లడ్డూ సగానికి విరిచి, రెండు ముక్కలూ అటకమీద పెట్టినట్టు! పక్కనే పెద్ద మోటారు రోడ్డుంది, కార్లు నిలుపుకునే జాగా వుంది. పట్టణాలనించి అక్కడికి రైలు మాత్రం లేదు, బస్సులో పోవాలి. కారున్నవాడికి అది స్టేషనే. కారు లేని ముసలమ్మకూ, చదువుకునే పిల్లకూ?

ఇక్కడ మన ఆడవాళ్ళం గట్టిగా అడగవలసిన మాట ఒకటుంది. పొలాల మధ్య స్టేషను పగలు పదింటికి చూస్తే బాగానే వుంటుంది. రాత్రి తొమ్మిదింటికి బండి దిగిన ఒంటరి ఆడపిల్ల కళ్ళతో చూడాలి. ఆఖరి బస్సు ఎన్నింటికి, దీపాలు ఎంతదూరం, దుకాణం తెరిచి వుంటుందా అని. బండి ఎంత ఖరీదైనదైనా, అక్కడ దిగడానికి భయపడితే ఆ స్టేషను మనది కాదు.

మంచి కబురు కూడా చెప్పాలి గదా. స్పెయిను దేశంలో 1992 ఏప్రిలులో, సెవిల్ నగరంలో జరిగే ప్రపంచ ప్రదర్శనకోసం మాడ్రిడ్‌నించి 471 కిలోమీటర్ల వేగదారి వేశారు. రెండు పెద్ద నగరాల కోసం వేసిందే అది. మధ్యలో సియుదాద్ రెయాల్ అనే చిన్న జిల్లా పట్టణం తగిలింది. జనం లక్షకు లోపే. మాడ్రిడ్‌కు నూటడెబ్భై కిలోమీటర్లు. పెద్ద బండ్లు ఆగితే ఆగాయి లేకపోతే లేదని వదిలెయ్యకుండా, మాడ్రిడ్‌కూ ఈ పట్టణానికీ, దాని పక్కనున్న పుయెర్తొయానో గనుల ఊరికీ మధ్య వేరుగా రాకపోకల బండ్లు అదే సంవత్సరం నడిపారు. గంటలోపు ప్రయాణం. స్టేషను ఊరి అంచునే, కేంద్రానికి నడిచేటంత దూరంలోనే వుంది. రోజూ తిరిగేవాళ్ళకు పాసులు ఇచ్చారు. దాంతో ఏమయింది? ఉద్యోగులూ, విద్యార్థులూ ఉదయం పోయి రాత్రికి ఇల్లు చేరడం మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో విశ్వవిద్యాలయం వుంది. పాఠాలు చెప్పేవాళ్ళు మాడ్రిడ్‌లో కాపురం వుంటూనే ఇటు వచ్చిపోతారు. అంటే బండి రెండువైపులా నిండుతుంది.

నాకు అన్నిటికంటె ఇది నచ్చింది. ఉద్యోగం పట్నంలో దొరికితే మన అమ్మాయి హాస్టలుకో, అద్దెగదికో పోవాలి, లేదా ఉద్యోగమే మానాలి. ఉదయం పోయి రాత్రికి పిల్లల దగ్గరికి రాగలిగితే ఆ రెండూ అక్కర్లేదు. కాని దానికి రోజుకు రెండు బండ్లు చాలవు. ఉదయాన్నే ఒకటి, కచేరీ వదిలాక ఒకటి, ఆలస్యమైతే ఇంకొకటి వుండాలి. టిక్కెట్టు జీతాన్ని మింగకూడదు.

అదే స్పెయినులో 2003లో వేసిన ఇంకో దారిలో గ్వాదలహారా పట్టణానికి స్టేషను ఊరికి దూరంగా, కొత్తగా కట్టబోయే కాలనీల భరోసామీద పెట్టారు. ఎక్కేవాళ్ళు కొద్దిమంది. పాత రైలే వాళ్ళకు నయమనిపించింది.

పాత రైలంటే గుర్తొచ్చింది. కొత్తది వచ్చిందని పాత బండ్లు తీసేస్తే కొన్ని ఊళ్ళు మునుపటికంటె వెనకబడతాయి. జపానులో నగానో వైపు 1997లో వేగదారి వేసినప్పుడు అది కొమొరో పట్టణాన్ని తప్పించి సకు వైపు పోయింది. అప్పటిదాకా కొమొరోలో ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగేవి. అవి పోయాయి. పాతదారిని అక్కడి జిల్లావాళ్ళు పెట్టిన చిన్న కంపెనీకి అప్పగించారు. కొండల్లో యొకొకావా, కరుయిజావాల మధ్య పాతదారిని పూర్తిగా మూసేశారు. అందుకే కొత్తబండి కబురు వచ్చినప్పుడు "పాత ప్యాసింజరు వుంటుందా?" అని కూడా అడగాలి.

మన దేశంలో ముంబయి–అహమ్మదాబాదు మార్గానికి 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. జపాను ప్రధాని షింజో ఆబే కూడా వచ్చారు. చాలావరకు స్తంభాలమీద నడిచే దారి. అందుకని సుమారు పదిహేడున్నర మీటర్ల వెడల్పు భూమి చాలుతుందంటారు, కింద పశువులూ మనుషులూ దాటవచ్చు. అయినా పొలం పోయే రైతుకు పదిహేడైనా పదిహేడే. వడోదరా, అహమ్మదాబాదుల్లో కొత్త స్టేషను పాత స్టేషను మీదనే లేస్తోంది. బండి దిగితే కిందనే పాత రైలు. సూరత్‌కు మాత్రం ఊరవతల అంత్రోలీ దగ్గర కడుతున్నారు. ఒకే మార్గంలో రెండు పద్ధతులూ వున్నాయి. సూరత్ అక్కయ్యలకు ఆ స్టేషనుదాకా సిటీబస్సో మెట్రోనో సమయానికి అందితే ఫరవాలేదు. అందకపోతే బావగారి లెక్కే వాళ్ళకూ వర్తిస్తుంది.

మనవైపు 2023 జనవరి 15న సికిందరాబాదు–విశాఖపట్నం వందేభారత్ మొదలైంది. సుమారు ఏడువందల కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు పెట్టారు. అది పాత పట్టాలమీదనే పోతుంది గనక వేగానికి హద్దుంది. కాని వరంగల్లులో, ఖమ్మంలో, బెజవాడలో, రాజమండ్రిలో ఊరి స్టేషనులోనే ఆగుతుంది. ఆ మేలు తక్కువదేం కాదు. ముంబయి–పుణె–హైదరాబాదు వేగదారి, సుమారు 711 కిలోమీటర్లు, ఏనాటినుంచో పరిశీలనలో వుంది. 2026 ఫిబ్రవరి బడ్జెట్టులో హైదరాబాదునించి పుణెకూ, బెంగుళూరుకూ, చెన్నైకీ వేగదార్లు అని ప్రకటించారు. చెన్నైకి పోయే దారి ఏ ఊళ్ళు తాకుతుంది, ఏ ఊరికి ఎంతదూరాన నిలుస్తుంది అన్నది గుంటూరు, నెల్లూరు, నల్లగొండ ఇల్లాళ్ళందరికీ కావలసిన సంగతే.

గీత గీసేముందు అధికారులు ఊళ్ళల్లో సభలు పెట్టి అభిప్రాయం అడిగే ఆనవాయితీ వుంది. అలాంటి సభలకు మగవాళ్ళు పోయి "మాకో స్టేషను కావాలి" అని వినతిపత్రం ఇచ్చి వస్తారు. స్టేషను వస్తే చాలుననుకుంటారు. ఎక్కడ వస్తుంది, దానికి బస్సు వుందా, రోజుకు ఎన్ని బండ్లు ఆగుతాయి, లూపు లైను వుందా, ఆఖరి బండి ఎన్నింటికి అని ఎవరూ అడగరు. ఈసారి మీరు కూడా వెళ్ళండి. చెంగులో కాగితం పెట్టుకుని వెళ్ళండి.

ఆ కాగితానికి నాకొక సాయం చెయ్యండి. మీ ఇంటి గడపనించి పెద్ద స్టేషను ప్లాట్‌ఫారం మీదికి చేరడానికి ఎంతసేపు పడుతుందో, అందులో నడక ఎంత, ఆటో ఎంత, బస్సుకోసం నిలబడడం ఎంత, ఒక పోస్టుకార్డుమీద రాసి పంపండి. వచ్చినవన్నీ వరసగా రాసి బావగారికి చూపిస్తాను. మా అక్క పల్లె లెక్క మొదటి వరసలో రాసేశాను. రెండు గంటలా పది నిమిషాలు, రైలుకోసం కాచుకున్నది కాకుండా.